మెట్ల కింద మూడు వందల కిలోల సీసం ఉంది, ఇంకా కొనమంటారా?

ప్రశ్న: నమస్తే అండి. టైర్ల షాపు నడిపే స్నేహితుడి దగ్గర మూడేళ్లుగా పాత సీసం కొంటున్నాను. ఎక్కువగా చక్రాల బ్యాలెన్సింగ్ కోసం రిమ్ముకి బిగించే బిళ్లలు, కొంత పాత నీళ్ల పైపులు, కొంత కేబుళ్ల మీంచి ఒలిచిన తొడుగు. ఇప్పటికి సుమారు మూడు వందల కిలోలు మెట్ల కింద బస్తాల్లో ఉన్నాయి. పాత కారు బ్యాటరీలు కూడా పది దాకా ఉన్నాయి, వాటిని పగలగొట్టి ప్లేట్లు కరిగించి దిమ్మలు పోద్దామని ఆలోచన. డబ్బు విలువ పడిపోయినా, ఏదైనా పెద్ద విపత్తు వచ్చినా చేతిలో లోహం ఉంటే మారకానికి పనికొస్తుందని, అణు ప్రమాదం లాంటిది జరిగితే రేడియేషన్‌కి అడ్డుగా పెట్టుకోవచ్చని నా లెక్క. మా ఆవిడకి ఇది అస్సలు ఇష్టం లేదు. మాకు రెండేళ్ల పాప ఉంది. స్నేహితుడు ఇంకో రెండు వందల కిలోలు ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: తీసుకోకండి. ఆ బ్యాటరీల జోలికి అసలు వెళ్లకండి. ఇంకో మాట, లాభనష్టాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం గానీ ఈ వారంలోనే పాపని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష చేయించండి. మీరూ, మీ ఆవిడా కూడా చేయించుకోండి, ఆవిడ గర్భంతో ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దు.

మిమ్మల్ని భయపెట్టాలని కాదు. సీసం దిమ్మ ఒకటి ఎదురుగా ఉన్నంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు, దాన్ని చేత్తో పట్టుకున్నా చర్మంలోంచి లోపలికి పోయేది దాదాపు ఏమీ ఉండదు. ప్రమాదమంతా పొడితోనే. మీ బస్తాల్లో ఉన్నది కొత్త దిమ్మలు కాదు కదా, రోడ్ల మీద తిరిగి తిరిగి వచ్చిన బిళ్లలు, వాటి మీద బూడిద రంగు పూత, బ్రేకు ధూళి, మట్టి. పాత పైపుల మీద తెల్లగా రాలే పొర ఉంటుంది చూశారా, అది సీసం తాలూకు ఉప్పే, వేలితో రాస్తే పిండిలా అంటుకుంటుంది. బస్తా కదిపిన ప్రతిసారీ బిళ్లలు ఒకదానికొకటి రాసుకుని ఇంకొంచెం పొడి రాలుతుంది, ఆ పొడి నేసిన గోనె సందుల్లోంచి నేల మీదికి, అక్కడి నుంచి మీ చెప్పులకి, పాప అరచేతికి, నోటికి. రెండేళ్ల పిల్లలు రోజుకి ఎన్నిసార్లు చేయి నోట్లో పెట్టుకుంటారో ఇంట్లో ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా సీసం ఉప్పుల్లో కొన్నిటికి తీపి ఉంటుంది కాబట్టి పిల్లలు ఉమ్మేయకపోవచ్చు. పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లల పేగులు మింగిన సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి, ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ.

పాప హుషారుగానే ఉంది కదా అని మీరు అనుకోవచ్చు. చాలామంది పిల్లల్లో బయటికి ఏమీ కనబడదు, చిరాకు, కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత లాంటివి వచ్చినా వాటికి వేరే కారణాలు వెతుక్కుంటాం. మెదడు మీద పడే దెబ్బ మాత్రం తర్వాత ఎప్పుడో చదువులో, ఏకాగ్రతలో తేలుతుంది, అది వెనక్కి రాదు. ఇంతలోపు ఉంటే సురక్షితం అని చెప్పగలిగే స్థాయి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. డెసిలీటరు, అంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. వేలు గుచ్చి చుక్క తీసే పరీక్షలో చర్మం మీద అంటుకున్న సీసం కలిసి లెక్క తప్పే అవకాశం ఉంది, అందుకని అందులో ఎక్కువ వస్తే కంగారు పడకుండా నరం నుంచి తీసిన రక్తంతో మళ్లీ చేయించండి. ఒంట్లోకి వెళ్లిన సీసం రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు నెల పడుతుంది గానీ ఎముకల్లో చేరింది ఏళ్ల తరబడి ఉండిపోతుంది, గర్భం వచ్చినప్పుడు ఎముకల్లోంచి మళ్లీ రక్తంలోకి వచ్చి బిడ్డకి చేరుతుంది. మీ ఆవిడ గురించి ముందే అడిగింది అందుకే.

ఇప్పుడు బ్యాటరీల సంగతి. సెనెగల్ రాజధాని డకార్ శివార్లలో థియారోయ్-సుర్-మేర్ అనే చోట కొందరు ఏళ్లుగా పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసి బతికేవాళ్లు. ఆ సీసం పొడి ఇసుకలో కలిసిపోయింది. ధర పెరిగేసరికి జనం ఆ ఇసుకనే తవ్వి, ఇళ్ల దగ్గరే జల్లెడ పట్టి, సీసం ముక్కలు ఏరి బస్తాల్లో అమ్మడం మొదలుపెట్టారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల అక్కడ 18 మంది చిన్నపిల్లలు చనిపోయారు. వాళ్లెవరూ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు కాదు, అమ్మల పక్కన కూర్చుని ఆడుకున్నవాళ్లు. ఆ తల్లులు కూడా మీలాగే నాలుగు డబ్బులు వెనకేసుకుందామనే చేశారు. మీరు పెరట్లోనో, మేడ మీదో పది బ్యాటరీలు పగలగొడితే జరిగేది దానికి చిన్న రూపమే.

లాభం కోణంలో చూసినా అది తెలివైన పని కాదు. కారు బ్యాటరీ బరువులో ఇంచుమించు అరవై శాతం సీసమే, నిజమే. కానీ అందులో సగం దాకా ప్లేట్లకి పట్టించిన ముద్ద, అంటే సీసం ఆక్సైడు, సల్ఫేటు. అది మీ మూకుడులో కరగదు, విషపు పొడిగా పైకి తేలుతుంది, దాన్ని గరిటెతో తీసి పారబోయడమే అన్నిటికన్నా చెడ్డ ఘట్టం. ఆ ముద్దని పట్టి ఉంచే సీసపు జాలీలో ఆంటిమొని, ఆర్సెనిక్ అనే విషపు మూలకాలు కలిపి ఉండొచ్చు, ఆ తెట్టు తడిసినప్పుడూ, యాసిడ్ తగిలినప్పుడూ వాటి నుంచి పుట్టే వాయువులు ప్రాణం తీసేవి. ఆ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని ఎక్కడ పోస్తారు? ఫ్యాక్టరీల్లో వేడి మీద రసాయన చర్య జరిపి ఆ ముద్దలోంచి కూడా లోహం రాబడతారు, పొగని వడగడతారు, అందుకే వాళ్లకి గిట్టుబాటు అవుతుంది. మీరు బ్యాటరీని బ్యాటరీలాగే, పగలకొట్టకుండా, నిలబెట్టి, పైన రెండు టెర్మినళ్లకి టేపు చుట్టి అనుమతి ఉన్న రీసైక్లర్‌కో, కొత్తది కొనేచోట పాతది తీసుకునే వాళ్లకో ఇచ్చేయండి. చాలా దేశాల్లో వాడేసిన బ్యాటరీ ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది, ఇంట్లో పోగేయడమే నేరం అయ్యే చోట్లు ఉన్నాయి, మీరున్న చోట నియమం ఏమిటో కూడా కనుక్కోండి.

ఇక పెట్టుబడి. మీ ఉత్తరమంతా ఒక నమ్మకం మీద నిలబడి ఉంది, లోహం ధర ఎప్పటికైనా పెరుగుతుంది అని. లోహాల టోకు బజారైన లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో 2007 అక్టోబరులో సీసం టన్ను 3,800 డాలర్లు దాటింది. 2008 చివరికి అదే టన్ను వెయ్యి డాలర్ల కిందికి పడింది. ఆ తర్వాత లేచింది, పడింది, గత పదేళ్లుగా చాలావరకు 1,600 నుంచి 2,600 మధ్యే తిరుగుతోంది. పెరుగుతోందని చూసి 2007 అక్టోబరులో ఆ ధరకి కొని దాచుకున్నవాడు ఈ రోజుకీ అసలు రాబట్టుకోలేదు, మధ్యలో అన్ని వస్తువుల ధరలూ ఎంత పెరిగాయో మీకు తెలుసు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. సీసంలో అధిక భాగం, ఎనభై శాతానికి పైగా, బ్యాటరీల్లోకే పోతుంది, ఆ బ్యాటరీలు కొన్నేళ్లకి పాడై మళ్లీ కరిగింపుకే వస్తాయి, ఎన్నిసార్లు కరిగించినా సీసం సీసంగానే ఉంటుంది. ప్రపంచంలో ఏటా తయారయ్యే సీసంలో సగానికి మించి అలా తిరిగొచ్చిందే. తరిగిపోయే సరుకైతే దాచుకున్నవాడికి విలువ ఉంటుంది, ఇది తిరిగి తిరిగి బజారుకే వచ్చే సరుకు.

పైగా ఆ ధర మీకు వచ్చే ధర కాదు. ఆ లండన్ బజారులో ఒక్క లాటు, అంటే ఒక బేరానికి కనీస పరిమాణం, 25 టన్నులు, స్వచ్ఛత 99.97 శాతం ఉండాలి. మీ బిళ్లల్లో ఆంటిమొని ఉంది, ఇనుప కొక్కేలున్నాయి, మురికి ఉంది, పాత పైపుల అతుకుల దగ్గర టంకం ఉంది. తుక్కు కొనేవాడు ఇవన్నీ తీసేసి, కరిగించే ఖర్చు తీసేసి, తన లాభం తీసేసి మిగిలింది ఇస్తాడు. కొన్నప్పుడు ఒక దెబ్బ, అమ్మినప్పుడు ఒక దెబ్బ, ఆ రెంటి మధ్య తేడా పూడాలంటేనే ధర బాగా పెరగాలి. ఇంకో సంగతి, ఈ మధ్య వచ్చే బిళ్లలన్నీ సీసం కావు. యూరోపియన్ యూనియన్‌లో 2005 నుంచి కార్ల చక్రాలకి సీసం బిళ్లలు వాడకూడదు, అందుకే జింకువి, ఉక్కువి చాలా కలుస్తున్నాయి. ఉక్కుని అయస్కాంతం పట్టేస్తుంది. జింకు గట్టిది, నేల మీద వేస్తే ఖంగుమంటుంది, సీసం దబ్ మని పడుతుంది, గోటితో గీస్తే గీత పడుతుంది, కొన్నిటి మీద అక్షరాలు కూడా అచ్చు వేసి ఉంటాయి. మీరు ఎప్పుడైనా వేరుచేసి చూశారా? చూడకపోతే మీరు కొన్న మూడు వందల కిలోల్లో సీసం ఎంతో మీకే తెలియదు.

చోటు గురించి కూడా ఆలోచించాలి. సీసం నీటికన్నా 11.34 రెట్లు బరువు. పది లీటర్ల బకెట్ నిండా కరిగించి పోస్తే 113 కిలోలు, దాన్ని ఎత్తబోయి నడుం పట్టేసిన వాళ్లు, కాలి మీద వేసుకున్న వాళ్లు ఉంటారు. ఒక టన్ను సీసం అంటే 44 సెంటీమీటర్లు కొంచెం దాటే ఘనం, బల్ల కింద పట్టేస్తుంది, కానీ ఆ చిన్న చోట నేల మీద పడే ఒత్తిడి చదరపు మీటరుకి ఐదు టన్నులు. ఇంటి గదుల శ్లాబుని మామూలుగా చదరపు మీటరుకి రెండు వందల కిలోల దాకా వాడకపు బరువు లెక్కలో వేస్తారు. అదృష్టం కొద్దీ మీది మెట్ల కింద, బహుశా నేల మీదే ఉంది. కొంతమంది తీసుకెళ్లి పై అంతస్తులో గోడవారగా పేరుస్తారు, అది ఇంటికే ప్రమాదం.

మీ పొదుపు మొత్తంలో దీని వాటా ఎంతో చెప్పలేదు. బరువుగా ఉంటే ఎక్కువ ఆస్తి ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ ఒక గ్రాము బంగారం విలువకి పదుల కిలోల సీసం తూగాలి. ఆ గ్రాము బంగారానికి ధూళి లేదు, చోటు అక్కర్లేదు, అమ్మితే ఆ రోజే డబ్బు.

విపత్తులో మారకం అన్నారు. నిజంగా అన్నీ ఆగిపోయిన రోజున జనం వెతికేది నీళ్లు, మందులు, ఇంధనం, వెలుతురు. ఆ రోజు సీసం కావాలని ఎవరు వస్తారు? వల అంచుకి గుళ్లు కట్టుకునేవాళ్లు, సోల్డరింగ్ చేసేవాళ్లు, పడవకి అడుగున బరువు వేసేవాళ్లు. వాళ్లకి కావలసింది కొన్ని కిలోలు. తుపాకీ లైసెన్సు ఉండి తూటాలు తామే పోసుకునేవాళ్లు కొన్ని దేశాల్లో సీసం దాచుకుంటారు, వాళ్లకి అది ఏటా వాడే ముడిసరుకు, తుపాకి మందూ, దాన్ని అంటించే ప్రైమరూ లేకపోతే అదీ ఉత్త ముద్దే, మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు కాబట్టి అది వదిలేద్దాం. అత్యవసరానికి సీసం కావాలంటే అది పనిచేసే బ్యాటరీ రూపంలో ఉండాలి. చార్జి నిండా ఉన్న ఒక మంచి డీప్ సైకిల్ బ్యాటరీ (చాలాసేపు వాడుకుని మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే రకం), చిన్న సోలార్ ప్యానెల్, చార్జ్ కంట్రోలర్ ఉంటే కరెంటు లేని రాత్రుల్లో లైటు వెలుగుతుంది, ఫోను చార్జవుతుంది. దాన్నీ ఊరికే మూల పెడితే పాడైపోతుంది, నెలకి కొంత చార్జి తనంతట తనే తగ్గిపోయి ప్లేట్లు సల్ఫేటు పడతాయి, కాబట్టి వాడుతూ ఉండాలి, గాలి ఆడే చోట పెట్టాలి. మూడు వందల కిలోల బిళ్లలు ఇవ్వలేని ధీమా అది ఇస్తుంది.

రేడియేషన్ విషయంలో మీరు విన్నది తప్పు కాదు, సీసం మంచి అడ్డే. కానీ లెక్క వేసి చూడండి. అణు ప్రమాదాల్లో బయటపడే సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం గామా కిరణాలని సగానికి తగ్గించడానికి ఆరున్నర మిల్లీమీటర్ల సీసం చాలు, ఆ మందంలో ఒక్క చదరపు మీటరు పలక బరువే 75 కిలోల దాకా. అదే సగం తగ్గింపు కాంక్రీటుతో కావాలంటే ఐదు సెంటీమీటర్లు, బరువు 110 కిలోల చిల్లర. అంటే బరువులో పెద్ద తేడా లేదు, మందంలోనే తేడా. చోటు ఇరుకైన ఎక్స్‌రే గదికి అందుకే సీసం వాడతారు. మీ దగ్గరున్న సీసం మొత్తం పలకలు పోసినా నాలుగు చదరపు మీటర్లు, ఒక వైపు, ఒక్కసారి సగం. ఇంటి మధ్య గదిలో కిటికీలకి దూరంగా కూర్చుంటే మీ గోడలు, చుట్టూ ఉన్న ఇళ్లు, మట్టి మీకు ఉచితంగా అంతకంటే ఎక్కువ చేస్తాయి.

ఈ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి గట్టిగా చెప్పాలి. పాత సీసం కొంటారని పేరు పడితే ఎవరెవరో ఏవేవో తెస్తారు. ఆసుపత్రి పరికరంలోదో, ఫ్యాక్టరీలోదో మందపాటి సీసం డబ్బా, లోపల స్టీలు గొట్టం, పైన రేడియేషన్ హెచ్చరికగా వేసే మూడు రెక్కల గుర్తు ఉన్నది ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు, విప్పొద్దు, దూరంగా జరిగి అధికారులకి చెప్పండి. బ్రెజిల్‌లోని గొయానియాలో 1987లో వదిలేసిన రేడియోథెరపీ యంత్రం భాగాన్ని తుక్కు కోసం విప్పారు, నలుగురు చనిపోయారు. థాయ్‌లాండ్‌లో సముత్ ప్రాకాన్‌లో 2000లో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం ఉన్న భాగాన్ని అలాగే తుక్కుకి కొన్నారు, ముగ్గురు పోయారు. ఇళ్ల పైకప్పుల నుంచి, కేబుళ్ల నుంచి దొంగిలించిన సీసం కూడా ఇలాగే చేతులు మారుతుంది, మీ దగ్గర రసీదు లేకపోతే అమ్మేటప్పుడు జవాబు చెప్పుకోవలసింది మీరే.

సరే, ఉన్నది ఎలా వదిలించుకోవాలి. పాపనీ, ఆవిడనీ ఆ రోజుకి వేరే ఇంటికి పంపండి. బస్తాలని ఈడ్చకండి, దులపకండి. కొద్దికొద్దిగా నీళ్లు చిలకరించి, ఒక్కో బస్తానీ మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఇరవై, ఇరవై అయిదు కిలోలకి మించకుండా మూత ఉన్న డబ్బాల్లోకి మార్చండి, గ్లౌజులు, ధూళిని ఆపే మంచి మాస్కు పెట్టుకోండి, ఉత్త గుడ్డ చాలదు. ఆ అరని చీపురుతో ఊడవద్దు, ఊడిస్తే ఇల్లంతా లేస్తుంది, మామూలు వాక్యూమ్ కూడా సన్నటి పొడిని వెనక నుంచి వదిలేస్తుంది. సబ్బు నీళ్లలో తడిపిన గుడ్డతో తుడవండి, ఆ గుడ్డల్ని ఉతికి మళ్లీ వాడకుండా సంచిలో కట్టేయండి, నీళ్లు మారుస్తూ రెండు మూడుసార్లు తుడవండి. పని అవగానే స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకాలి, చేతులకి సబ్బూ నీళ్లే వాడండి, శానిటైజర్ సీసాన్ని తీయదు.

తర్వాత ఒకరిద్దరు కొనేవాళ్లని ధర అడిగి అమ్మేయండి. జింకూ ఉక్కూ ఏరి విడిగా పెట్టడం పాప లేని చోట, ఆరుబయట చేసుకోండి, కరిగించి దిమ్మలు పోస్తే ఎక్కువ వస్తుందని ఎవరైనా చెప్పినా వినకండి. 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి తేలికని అనిపిస్తుంది, కానీ నొక్కుకుపోయిన పాత పైపు ముక్కలో రెండు చుక్కల నీళ్లు ఇరుక్కుని ఉంటే అది ఆవిరై మూకుడులో ఉన్నదంతా మొహం మీదికి చిమ్ముతుంది.

నిజంగా ఏదో పనికి వాడతారు అంటే ఒక పది, పదిహేను కిలోలు శుభ్రమైనవి ఉంచుకోండి. తాళం వేసిన, పాప వెళ్లలేని, ఇంటితో సంబంధం లేని షెడ్డులో, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో. చెక్క పెట్టెలో మాత్రం వద్దు, చెక్క నుంచి, ముఖ్యంగా ఓక్ లాంటి కలప నుంచి వచ్చే యాసిడ్ ఆవిర్లకి సీసం తెల్లటి పొడిగా మారిపోతుంది, మ్యూజియంల వాళ్లు సీసం వస్తువుల్ని ఓక్ అరల్లో పెట్టకపోవడానికి కారణం అదే.

మీ ఆవిడ సరిగ్గానే అంటున్నారు, ఆ మాట ఆవిడతో చెప్పండి. మీ స్నేహితుడికి రెండు వందల కిలోలు వద్దని చెప్పేటప్పుడు, అతని షాపులో ఆ బిళ్లల్ని రోజూ చేత్తో పీకే కుర్రాళ్లు చేతులు కడుక్కోకుండా తినకూడదని, పని బట్టలతో ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోకూడదని, వాళ్లకీ ఒకసారి పరీక్ష చేయించమని కూడా చెప్పండి. పాప రిపోర్టులో ఎక్కువ వస్తే అంకె ఎంతో రాయండి, డాక్టరుని అడగాల్సిన ప్రశ్నలు ఏమిటో చెప్తాను.